తూర్పు కనుమల్లో రెండో లైను: కె.కె. మార్గం వెంట రైలు అభిమానులు

విజయనగరం జిల్లా కొత్తవలస నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ వరకు, ఒడిశాలోని కోరాపుట్ మీదుగా సుమారు 445 కిలోమీటర్లు సాగే రైలు మార్గాన్ని రైల్వే సిబ్బంది, ప్రయాణికులు కూడా కె.కె. లైను అనే పిలుస్తారు. విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే యాత్రికులకు అది సొరంగాల దారిగానే పరిచయమైనా, ఆ పట్టాలు పడింది విహారం కోసం కాదు, బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని సముద్రతీరానికి చేర్చడం కోసం. ఈనాటికీ ఆ మార్గంలో తిరిగే రైళ్లలో అధిక భాగం గూడ్సు రైళ్లే. దాదాపు అర్ధ శతాబ్దం పాటు ఒకే జత పట్టాల మీద నడిచిన ఈ కొండదారికి ఇప్పుడు రెండో లైను వేస్తున్నారు. ఆ పనిని స్టేషను నుంచి స్టేషనుకు, వంతెన నుంచి వంతెనకు గమనిస్తూ, తేదీ వేసి రాసుకుంటూ, ఫొటోలు తీసి భద్రపరుస్తున్నవారిలో ఇంజనీర్లూ కాంట్రాక్టర్లూ కాని ఒక వర్గం ఉంది. జీతం కోసం కాక ఇష్టం కొద్దీ రైళ్లను అధ్యయనం చేసే వీరిని రైల్‌ఫ్యాన్లు, అంటే రైలు అభిమానులు అంటారు. వీరు గమనిస్తున్నదేమిటో, దానికి విలువ ఎందుకుందో తెలియాలంటే ముందుగా ఆ మార్గం స్వభావం తెలియాలి.

బైలదిల్లా ఖనిజం ఇనుము శాతం ఎక్కువగా ఉండే మేలిరకం. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఉక్కు పరిశ్రమను వేగంగా విస్తరించుకుంటున్న జపాన్‌కు అలాంటి ఖనిజం కావలసివచ్చింది, భారతదేశానికి విదేశీ మారకద్రవ్యం కావలసివచ్చింది. 1960లో రెండు దేశాల మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం బైలదిల్లా నుంచి ఏటా 40 లక్షల టన్నులు, కిరిబురు నుంచి 20 లక్షల టన్నులు ఎగుమతి చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. అందుకు అవసరమైన రైలు మార్గాలన్నిటినీ దండకారణ్య–బొలాంగీర్–కిరిబురు ప్రాజెక్టు, క్లుప్తంగా డి.బి.కె. ప్రాజెక్టు, అనే పేరుతో చేపట్టారు. వాటిలో అన్నిటికన్నా కఠినమైనది కొత్తవలస–కిరండూల్ మార్గం. 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు, వెయ్యికి పైగా చిన్న వంతెనలతో 1960ల ద్వితీయార్ధంలో అది పూర్తయింది. విశాఖలో పెద్ద ఖనిజ నౌకలు ఆగడానికి వీలైన వెలుపలి హార్బరు 1970లలో సిద్ధమైంది, 1980ల ఆరంభంలో మార్గం విద్యుదీకరణ జరిగింది. తరువాతి కాలంలో విశాఖ ఉక్కు కర్మాగారానికీ ఈ ఖనిజమే ప్రధాన ఆధారమైంది. ఆ విధంగా తెలుగు నేల మీది ఒక భారీ పరిశ్రమ భవితవ్యం బస్తరు కొండల నుంచి దిగివచ్చే వ్యాగన్లతో ముడిపడింది.

ఈ మార్గంలో అందరి దృష్టినీ ఆకర్షించేది అనంతగిరి ఘాట్. ఘాట్ అంటే రైలు మైదానం నుంచి పీఠభూమికి ఎక్కే కొండ భాగం. కొత్తవలస, శృంగవరపుకోటల చుట్టూ పొలాల మధ్య సమతలంగా సాగిన లైను బొడ్డవర, శివలింగపురం దాటాక కొండ అంచును పట్టుకొని టైడా, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలసల మీదుగా ఎక్కుతూ శిమిలిగూడ వద్ద సముద్రమట్టానికి దాదాపు 997 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. కశ్మీర్ లోయలో లైను రాకముందు దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలో ఎత్తయినది ఇదే. ఈ ఘాట్‌లో వాలు 60కి 1, అంటే ప్రతి 60 మీటర్ల దూరానికి ఒక మీటరు ఎత్తు పెరుగుతుంది. రోడ్డు మీద తిరిగే బస్సుకు అది లెక్కలోకి రాని వాలు, రైలుకు మాత్రం అది పెద్ద పరీక్ష. నున్నటి ఉక్కు పట్టా మీద నున్నటి ఉక్కు చక్రం దొర్లడం వల్లే రైలు తక్కువ శక్తితో ఎక్కువ బరువు లాగగలుగుతుంది, ఆ నునుపే ఎక్కుడు దారిలో పట్టు తప్పడానికి కారణమవుతుంది.

ఖనిజం నింపిన 58 వ్యాగన్ల రేక్ బరువు సుమారు 5,000 టన్నులు ఉంటుంది. రేక్ అంటే ఒకే రైలుగా కలిపి నడిపే వ్యాగన్ల వరుస. 60కి 1 వాలు మీద ఆ రేక్‌ను భూమ్యాకర్షణ కిందికి లాగే బలం బరువులో అరవయ్యో వంతు, అంటే దాదాపు 83 టన్నులు. కె.కె. లైనుకు ప్రకృతి చేసిన ఒక మేలు ఏమిటంటే, అనంతగిరి ఘాట్‌లో నిండు రేకులు దిగుతాయి, ఖాళీ రేకులు ఎక్కుతాయి. ఖాళీ రేక్ బరువు 1,300 టన్నుల చిల్లర కనుక ఎక్కే పని ఇంజన్లకు సాధ్యమవుతుంది. అయితే దిగే పని ఎక్కే పనికన్నా సులువని అనుకోవడం పొరపాటు. 5,000 టన్నులను మలుపుల మీద, సొరంగాల గుండా, వేగం అదుపు తప్పకుండా గంటలకొద్దీ పట్టి ఉంచడం లోకో పైలట్ నైపుణ్యానికి అసలైన కొలమానం. కేవలం చక్రాల బ్రేకుల మీదే ఆధారపడితే అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి కాబట్టి ఇంజన్ మోటార్లనే జనరేటర్లుగా మార్చి రైలు వేగాన్ని అణచే పద్ధతిని వాడతారు. కొత్త తరం ఇంజన్లలో ఇలా పుట్టిన విద్యుత్తు పై తీగలోకి తిరిగి వెళుతుంది, దిగే రైలు పుట్టించిన కరెంటు ఎక్కే రైలుకు ఉపకరించే అవకాశమూ అందువల్ల ఉంటుంది. కోరాపుట్‌కు ఆవల పరిస్థితి తలకిందులవుతుంది. జగదల్‌పుర్ దిగువన ఉండటం వల్ల నిండు రేకులు జయపురం దాటాక కోరాపుట్ పీఠభూమికి ఎక్కక తప్పదు. ఒకే మార్గంలో ఒకచోట బరువును ఎక్కించడం, ఇంకోచోట అదే బరువును దించడం రెండూ ఉండటమే ఈ లైను నడక అంత జటిలం కావడానికి మూలం.

ఒంటి లైను మీద రద్దీ ఎందుకు పెరుగుతుందో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. రెండు స్టేషన్ల మధ్య భాగాన్ని రైల్వే భాషలో బ్లాక్ సెక్షన్ అంటారు, మామూలు పద్ధతిలో అందులో ఒకసారి ఒక్క రైలే ఉండాలి. ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్లలో ఒకటి స్టేషన్‌లోని పక్క లైనులో, అంటే లూప్‌లో, నిలిచి రెండోదానికి దారి ఇవ్వాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. ఒక లైను రోజుకు ఎన్ని రైళ్లను భరించగలదో అంచనా వేయడానికి భారతీయ రైల్వేలో స్కాట్ సూత్రం వాడుకలో ఉంది: రోజులోని 1,440 నిమిషాలను, అతి కష్టమైన సెక్షన్‌ను నెమ్మదైన గూడ్సు దాటే సమయమూ సిగ్నల్ వ్యవహారానికి పట్టే సమయమూ కలిపిన మొత్తంతో భాగించి, వచ్చినదానిలో 70 శాతం తీసుకోవాలి. ఉదాహరణకు 8 కిలోమీటర్ల కొండ సెక్షన్‌ను గూడ్సు 20 నిమిషాల్లో దాటి, సిగ్నల్ పనికి మరో 5 నిమిషాలు పట్టిందనుకుంటే, రెండు దిశలూ కలిపి రోజుకు 40 రైళ్లు మాత్రమే నడుస్తాయి, అంటే ఒక్కో వైపు 20. మిగతా స్టేషన్ల మధ్య ఎంత వేగంగా వెళ్లగలిగినా ఫలితం లేదు, ఎందుకంటే అన్నిటికన్నా నిదానమైన ఆ ఒక్క సెక్షనే మార్గమంతటికీ హద్దు గీస్తుంది. రెండో లైను పడితే ఒక్కో దిశకు సొంత దారి ఏర్పడి, అదే సూత్రం ప్రకారం సామర్థ్యం రెట్టింపవుతుంది. లెక్కలో కనిపించని లాభం ఇంకొకటి ఉంది. వాలు మీద ఆగిన బరువు రైలును మళ్లీ కదిలించడానికి పట్టే శక్తి, జారే చక్రాలు, అరిగే పట్టాలు, ఆలస్యాలు అన్నీ క్రాసింగ్‌లతో పాటే తగ్గుతాయి.

ఈ అవసరం చాలాకాలంగా తెలిసినదే. 1990లలో కోరాపుట్ నుంచి రాయగడ వైపు మరో లైను తెరుచుకున్నాక ఖనిజానికి రెండో దారి దొరికింది, అయినా ఒత్తిడి తగ్గలేదు. జగదల్‌పుర్–కిరండూల్ మధ్య 150 కిలోమీటర్లు, కోరాపుట్–జగదల్‌పుర్ మధ్య 110 కిలోమీటర్లు, కొత్తవలస–కోరాపుట్ మధ్య సుమారు 189 కిలోమీటర్లు వేర్వేరు మంజూరులుగా డబ్లింగ్ పనులు మొదలయ్యాయి. పీఠభూమి మీది కొన్ని సెక్షన్లలో రైళ్లు ఇప్పటికే రెండు లైన్ల మీద నడుస్తున్నాయి. దంతెవాడ వైపు మావోయిస్టుల దాడుల భయం, పట్టాలు తొలగించిన సంఘటనలు పనికి ఏళ్ల తరబడి అడ్డుపడ్డాయి. అనంతగిరి ఘాట్‌లో మాత్రం అడ్డు కొండే.

కొండలో డబ్లింగ్ అంటే ఉన్న లైను పక్కన మరొకటి పరచడమని సాధారణంగా ఊహిస్తారు. మైదానంలో అది చాలావరకు నిజమే అయినా ఘాట్‌లో దాదాపు ఒక కొత్త రైలు మార్గాన్ని కట్టడమే జరుగుతుంది. 1960లలో తవ్విన సొరంగాలు ఒక్క లైనుకే సరిపోయేవి, వాటిని వెడల్పు చేయాలంటే రైళ్లను నెలల తరబడి ఆపాలి కాబట్టి కొంత ఎడంగా కొత్త సొరంగాలు తొలవాలి. కొత్త సొరంగం ఎక్కడ మొదలవుతుందో దాన్నిబట్టి దాని ముందరి వంతెన, ఆ వంతెనను బట్టి దాని ముందరి కోత, అంటే కొండను చీల్చి చేసిన దారి, అన్నీ స్థానం మారుతాయి. ఫలితంగా రెండో లైను కొన్నిచోట్ల పాతదానికి ఆనుకొని, కొన్నిచోట్ల దూరంగా, ఎత్తులో తేడాతో సాగుతుంది. పై పొరల్లో ఖొండలైటు రాయి ఎండకూ వానకూ పిప్పి అయి ఎర్రమట్టిగా మారడం తూర్పు కనుమల లక్షణం. వర్షాకాలంలో చరియలు విరిగిపడటం ఈ మార్గానికి పాత బాధ. బొర్రా చుట్టుపక్కల సున్నపురాయి ఉంది, ప్రసిద్ధమైన గుహల మీదుగానే పాత లైను సాగుతుంది. అలాంటి నేలలో, కొన్ని మీటర్ల దూరంలో 25,000 వోల్టుల తీగ కింద ఖనిజ రైళ్లు తిరుగుతుండగా, బండలు పేల్చి కొండ తొలవాలి. రైళ్లు లేని వేళను అడిగి తీసుకోవడాన్ని బ్లాక్ తీసుకోవడం అంటారు. ఎక్కువ బ్లాకులు ఇస్తే ఖనిజం ఆగుతుంది, తక్కువ ఇస్తే డబ్లింగ్ ఆగుతుంది. ఏ లైను అత్యంత రద్దీగా ఉందో ఆ లైనును విస్తరించడమే అత్యంత కష్టం కావడానికి కారణం ఇదే.

రైలు అభిమానుల పరిశీలన విలువ తెలిసేది ఇక్కడే. పగటిపూట నడిచే కిరండూల్ ప్యాసింజర్ కిటికీ పక్కన కూర్చున్న మామూలు ప్రయాణికుడికి లోయ కనిపిస్తుంది, అభిమానికి లోయతో పాటు ఎదుటి గట్టు మీద కొత్తగా చదును చేసిన ఎర్రటి అరుగు కూడా కనిపిస్తుంది. ఆ అరుగు మీద సర్వే రాళ్లు, తరువాత మట్టికట్ట, తరువాత కాంక్రీటు స్తంభాలు, గర్డర్లు, కంకర, స్లీపర్లు, పట్టాలు, విద్యుత్ స్తంభాలు వచ్చే క్రమం వారికి కంఠోపాఠం. కాబట్టి ఒక్క చూపుతో పని ఏ దశలో ఉందో పోల్చుకోగలరు. ఫలానా చెట్టు దగ్గర, ఫలానా మలుపు దగ్గర అని రాసుకుంటే రేపు ఎవరికీ ఉపయోగపడదని వారికి తెలుసు. విద్యుత్ తీగను మోసే ప్రతి స్తంభం మీదా కిలోమీటరు సంఖ్య, ఆ కిలోమీటరులో దాని వరుస సంఖ్య రాసి ఉంటాయి. మైలురాయికన్నా కచ్చితమైన ఆ అంకెలతోనే వారు స్థలాన్ని గుర్తిస్తారు. కొత్త సిగ్నల్ స్తంభం లేచినా దాని మీద అడ్డంగా గుణకారపు గుర్తు బిగించి ఉంటే అది ఇంకా వాడుకలోకి రాలేదని అర్థం. ఆ గుర్తు తొలగిన రోజు వారి నోటుపుస్తకంలో ప్రత్యేకంగా నమోదవుతుంది.

నాన్‌-ఇంటర్‌లాకింగ్ పనుల కారణంగా రైళ్లు రద్దు అంటూ పత్రికల్లో వచ్చే చిన్న ప్రకటన ప్రయాణికుడికి చికాకు కలిగించినా, అభిమానికి అది ఒక దశ ముగింపుకు వస్తోందన్న సమాచారం. ఇంటర్‌లాకింగ్ అంటే సిగ్నళ్లనూ పట్టాల మార్పిడి పాయింట్లనూ ఒకదానికొకటి ముడివేసి, తప్పు దారికి పచ్చదీపం పడకుండా చూసే రక్షణ వ్యవస్థ. కొత్త లైనును పాత స్టేషనులో కలపాలంటే ఆ వ్యవస్థను కొద్ది రోజులు విడదీసి, రైళ్లను చేతి సంకేతాలతో నెమ్మదిగా నడిపి, మళ్లీ ముడివేయాలి. అది పూర్తయ్యాక రైల్వే భద్రతా కమిషనర్ వచ్చి, ట్రాలీ మీద లైనంతా చూసి, వేగ పరీక్ష జరిపి అనుమతి ఇస్తేనే ప్రయాణికుల రైలు దాని మీదికి ఎక్కుతుంది. ఈ అధికారి రైల్వే శాఖ కింద కాక పౌర విమానయాన శాఖ కింద పనిచేయడం వెనక మంచి ఆలోచన ఉంది: లైను కట్టినవారే దాని భద్రతకు యోగ్యతాపత్రం ఇచ్చుకోకూడదు.

కె.కె. లైను అభిమానులకు ఇంజన్ల మీద మక్కువ మరీ ఎక్కువ, అందుకు చరిత్ర ఉంది. భారతీయ రైల్వే కొత్త బరువు ఇంజన్లను పరీక్షించాలనుకున్నప్పుడు ఎంచుకున్న మార్గాల్లో ఇదొకటి. 1987–88 ప్రాంతంలో స్వీడన్ కంపెనీ అసియా నుంచి 6, జపాన్ కంపెనీ హిటాచి నుంచి 12 విద్యుత్ ఇంజన్లు డబ్ల్యూఏజీ-6 తరగతి పేరుతో వచ్చి విశాఖ షెడ్డులో చేరి ఈ కొండల్లో పనిచేశాయి. వాటిలో కొన్నిటికి మామూలుగా ఉండే మూడు ఇరుసుల బోగీలు రెండు కాకుండా, రెండు ఇరుసుల బోగీలు మూడు ఉండేవి. బోగీ అంటే ఇక్కడ ప్రయాణికుల పెట్టె కాదు, చక్రాలను మోసే చట్రం. మొత్తం 18 ఇంజన్లే ఉన్న ఆ తరగతిని పెంచే నిర్ణయం జరగలేదు, 1990లలో వచ్చిన త్రీఫేజ్ ఇంజన్ల ముందు వాటికి భవిష్యత్తు లేకపోయింది. నేడు వాటి గురించి తెలుసుకోవాలనుకునేవారికి అభిమానులు ఆనాడు తీసిన ఫొటోలు, రాసుకున్న నంబర్లు ముఖ్యమైన ఆధారాలు. ఇష్టంతో చేసిన పని చరిత్రకు ఎలా ఆధారమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

ఇలాంటి ఆసక్తి మన కొండలకే పరిమితం కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని కహోన్ కనుమ, లాస్ ఏంజెలిస్ రేవులకూ దేశం లోపలికీ మధ్య సరుకు రవాణాకు కీలకమైన కొండదారి. 1885లో అక్కడ తొలి లైను పడింది, 1913లో రెండోది వచ్చింది, 2008లో బీఎన్‌ఎస్ఎఫ్ రైల్వే మూడోది పూర్తిచేసింది. ఆ పనిలో భాగంగా 1913 నాటి లైను మీది రెండు సొరంగాల పైకప్పులు తొలగించి వాటిని తెరుచుకున్న కోతలుగా మార్చారు. సొరంగాలు కనుమరుగు కాకముందు వాటిని చిత్రించడానికి అభిమానులు ఆ కనుమకు తరలివెళ్లారు. అక్కడి ఒక మలుపును, దానిని పదేపదే ఫొటో తీసిన హెర్బర్ట్ సల్లివాన్ అనే అభిమాని పేరుతో సల్లివాన్ మలుపు అనే పిలుస్తారు. లైను కట్టిన కంపెనీల పేర్లు మారినా చూసినవాడి పేరు నిలిచిపోవడం ఆ అభిమానానికి దక్కిన గౌరవం.

కె.కె. లైను అలాంటి మార్పు మధ్యలో ఉంది. 2017 ఏప్రిల్‌లో విశాఖ–అరకు రైలుకు అద్దాల విస్టాడోమ్ పెట్టె చేరాక ఈ దారి కోసమే ప్రయాణించేవారు పెరిగారు. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పునర్వ్యవస్థీకరణ ప్రకారం పాత వాల్తేరు డివిజన్‌లో సుమారు 410 కిలోమీటర్లు విశాఖపట్నం డివిజన్ పేరుతో దక్షిణ కోస్తా రైల్వేలో ఉంటాయి. కె.కె. లైనులోని కొత్తవలస–బచేలి భాగం సహా దాదాపు 680 కిలోమీటర్లు తూర్పు కోస్తా రైల్వేలోని రాయగడ డివిజన్‌కు వెళతాయి. అరకును విశాఖలో భాగంగా భావించే ఉత్తరాంధ్ర ప్రజలకు ఇది మింగుడుపడని సంగతే. డివిజన్లు మారినప్పుడు పాత పటాలు, రిజిస్టర్లు చేతులు మారి చెదిరిపోయే ప్రమాదం ఉంటుంది కనుక స్వతంత్రంగా నమోదు చేసేవారి అవసరం ఇప్పుడు మరింత పెరిగింది.

అయితే ఆ నమోదులో ఒక లోటు ఉంది. అభిమానుల కెమెరాలు ఇంజన్ మీద, వంతెన మీద నిలిచినంతగా మనుషుల మీద నిలవడం లేదు. మొదటి లైనుకు 58 సొరంగాలు ఉన్నాయని అందరూ చెప్పగలరు, వాటిని తొలిచిన కూలీలు ఎక్కడివారో, ఎన్ని ప్రాణాలు పోయాయో చెప్పగలిగినవారు అరుదు. రెండో లైను విషయంలో అలా జరగకూడదు. పని జరుగుతున్న చోట ఆదివాసీ గ్రామాలున్నాయి, వాటి పొలాలకు నీరిచ్చే గెడ్డలున్నాయి, తవ్విపోసిన రాయీ మట్టీ ఆ గెడ్డల వైపే జారుతాయి. సొరంగం ముఖద్వారాన్ని ఫొటో తీసేవారు దాని కింది గెడ్డను కూడా తీస్తే, గ్యాంగ్‌మన్‌తోనూ డ్రిల్లింగ్ కార్మికుడితోనూ మాట్లాడి రాసుకుంటే, ఆ నోటుపుస్తకం రైలు ప్రేమికులకే కాక ఆ ప్రాంత చరిత్ర రాసేవారికీ ప్రమాణమవుతుంది.

ఈ దారిని చూడాలనుకునే పాఠకులు ఒక విషయం మరవకూడదు. అనుమతి లేకుండా పట్టాల మీద, వంతెనల మీద, సొరంగాల్లో తిరగడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలుశిక్ష లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించదగిన నేరం. ఘాట్‌లో ఆ నిబంధన చాదస్తం కాదు. దిగుతున్న 5,000 టన్నుల రైలును మలుపు తిరిగాక కనిపించిన మనిషి కోసం ఆపడం ఏ లోకో పైలట్ తరమూ కాదు. రెండో లైను వచ్చాక ఒక రైలు చప్పుడులో ఎదురు దిశ రైలు చప్పుడు వినపడదు. అందువల్ల రైలు కిటికీ నుంచి, ప్లాట్‌ఫారం మీద నుంచి, రోడ్డు వంతెన మీద నుంచి చూడండి. చూసినదానికి తేదీ, స్టేషను పేరు, కనిపిస్తే స్తంభం సంఖ్య జతచేసి దాచండి. ఇంట్లో పెద్దలెవరైనా 1960లలో డి.బి.కె. ప్రాజెక్టులో పనిచేసి ఉంటే, వారి ఫొటోలనూ జ్ఞాపకాలనూ ఇప్పుడే రాసిపెట్టండి.